పాత అప్లికేషన్ డేటాబేస్‌కు కొత్త సర్వీసు కలిపేటప్పుడు ట్రాన్సాక్షన్ ఎర్రర్లను సరిదిద్దడం ఎలా?

మందుల హోల్‌సేల్ దుకాణంలో ఏళ్ల తరబడి నడుస్తున్న బిల్లింగ్ అప్లికేషన్ ఉంది, దాని వెనుక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది అనుకోండి. ఆన్‌లైన్ ఆర్డర్లు తీసుకునే కొత్త సర్వీసు రాసి అదే డేటాబేస్‌కు కలపాలి. రెండూ స్టాక్ తగ్గిస్తాయి, రెండూ బిల్లులు రాస్తాయి. విడివిడిగా పరీక్షిస్తే దేనికీ వంక పెట్టలేం. కలిపి నడిపాక, రద్దీ వేళ కౌంటర్లో బిల్లు కదలదు. లాగ్ తెరిస్తే ‘డెడ్‌లాక్ డిటెక్టెడ్’, దాని కింద ‘కరెంట్ ట్రాన్సాక్షన్ ఈజ్ అబార్టెడ్’ అని వరసగా ఎర్రర్లు. ట్రాన్సాక్షన్ అంటే ‘అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు’ అని కట్టగట్టిన డేటాబేస్ పనులు: బిగిన్ దాన్ని మొదలుపెడుతుంది, కమిట్ స్థిరపరుస్తుంది, రోల్‌బ్యాక్ రద్దు చేస్తుంది. లాక్ అంటే ఒకరు మారుస్తున్న టేబుల్ వరుసను (రోను) ఇంకొకరు మార్చకుండా ఆపే తాళం; రెండు ట్రాన్సాక్షన్లు ఒకదాని లాక్ కోసం ఒకటి ఆగిపోతే అది డెడ్‌లాక్.

ఇలాంటప్పుడు చాలామంది ఎర్రర్ వచ్చిన లైను చుట్టూ ట్రై–క్యాచ్ కట్టి వదిలేస్తారు. దాంతో లాగ్ శుభ్రపడుతుంది గానీ లెక్కలు చెడతాయి. ట్రాన్సాక్షన్ ఎర్రర్‌ను ఆ ట్రాన్సాక్షన్ మొదలైన చోట పట్టుకోవాలి. దాన్ని మొదలుపెట్టిన కోడ్‌కే రద్దు చేయాలో, మళ్లీ నడపాలో, వాడుకరికి చెప్పాలో తెలుస్తుంది. కింది దశలన్నీ ఆ స్థితికి చేరడానికే. ఉదాహరణలు పోస్ట్‌గ్రెస్‌వి; మైఎస్‌క్యూఎల్ వేరుగా నడిచే చోట విడిగా చెప్పాం. సెట్టింగుల పేర్లు పలికినట్టే రాశాం, టైపు చేసేటప్పుడు పదాల మధ్య అండర్‌స్కోర్ పెట్టండి.

1. పాత కోడ్‌లో బిగిన్ ఎవరిది, కమిట్ ఎవరిదో కనుక్కోండి

కొత్త కోడ్ ఒక్క లైను రాయకముందే ఈ పని చేయాలి. పాత అప్లికేషన్ ఆటోకమిట్‌లో (ప్రతి స్టేట్‌మెంట్ దానంతటదే కమిట్ అయ్యే పద్ధతిలో) నడుస్తోందా? ఫ్రేమ్‌వర్క్ ఒక్కో వెబ్ రిక్వెస్ట్‌కు ఒక్కో ట్రాన్సాక్షన్ తెరుస్తోందా? పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో ‘అటామిక్ రిక్వెస్ట్స్’ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే జరిగేది అదే. పైథాన్ సైకోపీజీ2 డ్రైవర్ అయితే ఎవరూ అడగకుండానే మొదటి క్వెరీతో ట్రాన్సాక్షన్ తెరుస్తుంది. కేవలం సెలెక్ట్ చేసి కమిట్ మరచినా ఆ ట్రాన్సాక్షన్ తెరిచే ఉంటుంది.

కోడ్ చదివి ఇదంతా తేల్చడం కష్టం. లాగ్ చదవడం తేలిక. అసలు డేటాబేస్‌కు ఒక పరీక్ష కాపీ తీసుకోండి. అందులో ‘లాగ్ స్టేట్‌మెంట్’ విలువను ‘ఆల్’ చేయండి. ‘లాగ్ లైన్ ప్రిఫిక్స్’లో ప్రాసెస్ సంఖ్య, అప్లికేషన్ పేరు, ట్రాన్సాక్షన్ సంఖ్య మూడూ వచ్చేలా పెట్టండి. పాత అప్లికేషన్‌లో నాలుగు రకాల మందులతో ఒకే ఒక్క బిల్లు కొట్టి, బిగిన్ నుంచి కమిట్ దాకా ప్రతి లైనూ చదవండి. ఇదే పని అసలు సర్వర్‌పై చేయకండి. లాగ్ ఫైలు ఉబ్బిపోతుంది, పైగా కొనుగోలుదారుల పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ అందులో పడతాయి.

చదువుతూ కాగితం మీద రాసుకోవాల్సినవి: ఏ టేబుళ్లను ఏ వరుసలో ముట్టుకుంటోంది, బిగిన్‌కీ కమిట్‌కీ మధ్య ఎంతసేపు, మధ్యలో బయటి సర్వర్లను పిలుస్తోందా, ట్రిగ్గర్లు (టేబుల్ మారినప్పుడు డేటాబేస్ తనంతట తాను నడిపే కోడ్) ఏవైనా ఉన్నాయా. ట్రిగ్గర్లను ముఖ్యంగా చూడండి. పాత కోడ్ కోసం ఎవరో రాసిన ట్రిగ్గర్, మీ ఇన్సర్ట్‌కు కూడా నడుస్తుంది. అందులో వచ్చే ఎర్రర్ మీ ట్రాన్సాక్షన్‌నే పడగొడుతుంది. మీరు ఎన్నడూ చూడని టేబుల్ పేరు ఎర్రర్‌లో కనిపిస్తే ముందు వెతకాల్సింది ట్రిగ్గర్లలోనే.

రెండు అప్లికేషన్లకూ వేర్వేరు డేటాబేస్ యూజర్లు, వేర్వేరు ‘అప్లికేషన్ నేమ్’లు ఇవ్వండి. ఒకే యూజర్‌తో నడిపితే, ఏ లాక్ ఎవరు పట్టుకున్నారో రద్దీ వేళలో తేల్చలేరు.

2. ఎర్రర్ సందేశాన్ని వదిలి ఎర్రర్ కోడ్ చూడండి

సందేశంలోని మాటలను వెతికి నిర్ణయం తీసుకునే కోడ్ రాయకండి. సర్వర్ భాష మారినా, వెర్షన్ మారినా ఆ మాటలు మారతాయి. ప్రతి ఎర్రర్‌కూ అయిదు అక్షరాల ఎస్‌క్యూఎల్‌స్టేట్ కోడ్ ఉంటుంది, అది మారదు. జావాలో ఎస్‌క్యూఎల్ ఎక్సెప్షన్ నుంచి, పైథాన్‌లో డ్రైవర్ ఎక్సెప్షన్ నుంచి దాన్ని చదవచ్చు. ఓఆర్‌ఎమ్‌లు (టేబుళ్లను ప్రోగ్రామ్ ఆబ్జెక్టులుగా చూపే లైబ్రరీలు) అసలు ఎక్సెప్షన్‌ను తమ సొంత ఎక్సెప్షన్‌లో చుట్టి ఇస్తాయి కాబట్టి, మూలకారణం దాకా లోపలికి దిగాలి.

కోడ్ దొరికాక మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ ట్రాన్సాక్షన్‌ను మొదటి నుంచి మళ్లీ నడిపితే ఫలితం మారే అవకాశం ఉందా?

మారుతుంది అనదగ్గవి 40001, 40పి01. మొదటిది సీరియలైజేషన్ వైఫల్యం (ఒకేసారి నడిచిన ట్రాన్సాక్షన్ల మార్పులు పొసగకపోవడం), రెండోది డెడ్‌లాక్. ఈ రెండింటికీ రీట్రై సరైన మందు. లాక్ దొరక్క వచ్చే 55పి03 కూడా చాలాసార్లు ఇందులోకే వస్తుంది.

మారదు అనదగ్గవి 23తో మొదలయ్యేవి: 23505 డూప్లికేట్ కీ, 23503 ఫారిన్ కీ, 23502 నాట్ నల్, 23514 చెక్ నిబంధన. కాలమ్‌లో పట్టనంత పొడుగు మాట పంపితే 22001. వీటిని వందసార్లు నడిపినా అదే జవాబు. ఒక్క మినహాయింపు ఉంది. పాత అప్లికేషన్ ‘ఇప్పటిదాకా ఉన్న పెద్ద బిల్లు నంబరు ప్లస్ ఒకటి’ అని చదివి కొత్త నంబరు తయారుచేస్తుంటే, ఇద్దరు ఒకేసారి చదివినప్పుడు 23505 వస్తుంది. అక్కడ మొత్తం మళ్లీ నడిపితే కొత్త నంబరు వస్తుంది గనుక పని జరుగుతుంది. కానీ అది అతుకే. అసలు చికిత్స ఆరో దశలో ఉంది.

ఏం జరిగిందో తెలియదు అనదగ్గవి 08తో మొదలయ్యే కనెక్షన్ ఎర్రర్లు, సర్వర్ ఆపేసినప్పుడు వచ్చే 57పి01. ఇవి కమిట్ పంపిన క్షణంలో వస్తే సంగతి వేరు. దాన్ని ఎనిమిదో దశలో చూద్దాం.

ఇక 25పి02. ‘కరెంట్ ట్రాన్సాక్షన్ ఈజ్ అబార్టెడ్’ అనేది దీని సందేశం. ఇది జబ్బు కాదు, అంతకుముందు వచ్చిన ఎర్రర్‌ను ఎవరో మింగేశారని చెప్పే గుర్తు. లాగ్‌లో అదే ప్రాసెస్ సంఖ్య పట్టుకుని పైకి వెళ్లండి. మొదటి ఎర్రర్ అక్కడ ఉంటుంది.

3. ఎర్రర్ మింగి ముందుకు నడిచే కోడ్‌ను సేవ్‌పాయింట్‌తో సరిచేయండి

పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ లోపల ఒక్క స్టేట్‌మెంట్ తప్పినా ఆ ట్రాన్సాక్షన్ మొత్తం చచ్చినట్టే. ఆ తరువాత ఏ క్వెరీ పంపినా 25పి02తో తిప్పి కొడుతుంది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ (దాని మామూలు స్టోరేజ్ ఇంజిన్) తీరు వేరు: డూప్లికేట్ కీ వస్తే ఆ స్టేట్‌మెంట్ ఒక్కటే రద్దవుతుంది, మిగతా ట్రాన్సాక్షన్ బతికే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌కు అలవాటు పడ్డ చేతులు పోస్ట్‌గ్రెస్‌లో ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మైఎస్‌క్యూఎల్‌లోనూ ఒక గుంట ఉంది. డెడ్‌లాక్ ఎర్రర్ 1213 వస్తే ట్రాన్సాక్షన్ అంతా రద్దవుతుంది. లాక్ వెయిట్ టైమౌట్ ఎర్రర్ 1205 వస్తే, మామూలు సెట్టింగ్‌లో ఆఖరి స్టేట్‌మెంట్ మాత్రమే రద్దవుతుంది. 1205 తరువాత అలాగే కమిట్ కొడితే సగం పని డేటాబేస్‌లో స్థిరపడిపోతుంది. కాబట్టి 1205 వచ్చినా మీరే స్పష్టంగా రోల్‌బ్యాక్ పంపండి.

పోస్ట్‌గ్రెస్‌లో ఇంకా ప్రమాదకరమైనది కమిట్. చచ్చిన ట్రాన్సాక్షన్‌కు మీరు కమిట్ పంపితే సర్వర్ ఎర్రర్ ఇవ్వదు. లోపల రోల్‌బ్యాక్ చేసి, జవాబులో ‘రోల్‌బ్యాక్’ అన్న మాట మాత్రం తిప్పి పంపుతుంది. ఆ మాటను కోడ్ చూడకపోతే వాడుకరికి ‘ఆర్డర్ సేవ్ అయింది’ అని చెబుతుంది, టేబుల్‌లో ఏమీ ఉండదు. ‘అప్పుడప్పుడూ ఆర్డర్లు మాయమవుతున్నాయి’ అన్న ఫిర్యాదు వస్తే ఈ దారి తప్పక వెతకండి.

తప్పినా పర్వాలేదు అనుకునే పని ఏదైనా ఉంటే, ఉదాహరణకు డిస్కౌంట్ కూపన్ నమోదు, దాన్ని సేవ్‌పాయింట్‌లో (తప్పితే అక్కడిదాకా మాత్రమే వెనక్కి రాగలిగేలా ట్రాన్సాక్షన్ మధ్యలో పెట్టే గుర్తు) పెట్టండి:

బిగిన్
ఆర్డర్ ఇన్సర్ట్
సేవ్‌పాయింట్ ‘కూపన్’
కూపన్ ఇన్సర్ట్
తప్పితే: రోల్‌బ్యాక్ టు సేవ్‌పాయింట్ ‘కూపన్’
నెగ్గితే: రిలీజ్ సేవ్‌పాయింట్ ‘కూపన్’
స్టాక్ అప్‌డేట్
కమిట్

జాంగోలో ఒక ‘అటామిక్’ బ్లాక్ లోపల ఇంకో ‘అటామిక్’ పెడితే సేవ్‌పాయింటే తయారవుతుంది. ట్రై–ఎక్సెప్ట్ మాత్రం ఆ లోపలి బ్లాక్‌కు బయట ఉండాలి. బ్లాక్ లోపలే ఎక్సెప్షన్‌ను పట్టేసుకుంటే, వెనక్కి వెళ్లాలన్న సంగతి జాంగోకు తెలియదు.

అయితే ప్రతి ఇన్సర్ట్‌కూ ఒక సేవ్‌పాయింట్ అని లూప్‌లో పెట్టకండి. ఒక ట్రాన్సాక్షన్‌లో 64కు మించి సబ్‌ట్రాన్సాక్షన్లు (ప్రతి సేవ్‌పాయింట్ ఒకటి తెరుస్తుంది) పేరుకుంటే పోస్ట్‌గ్రెస్ తన తేలిక జాబితాను వదిలి నెమ్మది దారి పడుతుంది, ఆ భారం మిగతా కనెక్షన్ల మీదా పడుతుంది. ‘ఉంటే వదిలేయి, లేకపోతే చేర్చు’ అన్నదే మీ ఉద్దేశమైతే ‘ఇన్సర్ట్ ... ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్’ వాడండి. 9.5 వెర్షన్ నుంచి ఉంది, డూప్లికేట్ కీ ఎర్రర్ రానే రాదు.

4. కొత్త ఫంక్షన్ తన అంతట తాను కమిట్ చేయకూడదు

పాత బిల్లింగ్ కోడ్ మీ కొత్త ఫంక్షన్‌ను తన ట్రాన్సాక్షన్ మధ్యలో పిలిచే అవకాశం ఉంటే, మీ ఫంక్షన్‌లో కమిట్, రోల్‌బ్యాక్ రెండూ ఉండకూడదు. కనెక్షన్‌ను బయటి నుంచి అందుకోవాలి, ఎర్రర్‌ను అలాగే పైకి వదలాలి. మీరు మధ్యలో కమిట్ కొడితే, పాత కోడ్ సగం రాసిన బిల్లు కూడా దాంతో పాటే స్థిరపడుతుంది. తరువాత ఏదైనా తప్పి రోల్‌బ్యాక్ చేసినా, అప్పటికే ఒడ్డు దాటిన సగం వెనక్కి రాదు.

‘సరే, నా పనికి విడిగా ఇంకో కనెక్షన్ తీసుకుంటా’ అనుకుంటే రెండు చిక్కులు. పాత ట్రాన్సాక్షన్ ఇన్సర్ట్ చేసి ఇంకా కమిట్ చేయని బిల్లు మీ రెండో కనెక్షన్‌కు కనిపించదు. దాన్ని ఆధారంగా పెట్టుకుని వరుస చేర్చబోతే, కళ్లెదుట బిల్లు ఉన్నట్టే ఉండి 23503 వస్తుంది.

రెండో చిక్కు ఇంకా లోతైనది. మొదటి కనెక్షన్ లాక్ చేసిన స్టాక్ వరుసను రెండో కనెక్షన్ అప్‌డేట్ చేయబోయి ఆగుతుంది. అది ముగిసే దాకా మీ ప్రోగ్రామ్ మొదటి దాన్ని కమిట్ చేయదు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగినట్టే. కానీ డేటాబేస్ కంటికి ఇది డెడ్‌లాక్ కాదు: మొదటి కనెక్షన్ ఏ లాక్ కోసమూ ఎదురుచూడటం లేదు, ఊరికే ఖాళీగా ఉంది. అందుకే డెడ్‌లాక్ కాపలాదారు దీన్ని ఎప్పటికీ పట్టుకోలేడు. ఏడో దశలోని టైమౌట్‌లే దీనికి విరుగుడు.

జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ వాడేవాళ్లు మూడు సంగతులు సరిచూసుకోండి. ‘ట్రాన్సాక్షనల్’ గుర్తు పెట్టిన మెథడ్, మామూలుగా రన్‌టైమ్ ఎక్సెప్షన్లకూ ఎర్రర్ రకానికీ మాత్రమే రోల్‌బ్యాక్ అవుతుంది. చెక్డ్ ఎక్సెప్షన్ వస్తే కమిట్ అయిపోతుంది. ‘రోల్‌బ్యాక్ ఫర్’ విడిగా రాయాలి. అదే క్లాస్‌లోని ఒక మెథడ్ ఇంకో మెథడ్‌ను నేరుగా పిలిస్తే, స్ప్రింగ్ మధ్యలో పెట్టే ప్రాక్సీ దారిలో వెళ్లదు కాబట్టి ఆ గుర్తుకు విలువే ఉండదు. ఇక ‘రిక్వైర్స్ న్యూ’ అంటే రెండో కనెక్షన్ అని అర్థం. హికారీ పూల్‌లో (తెరిచి ఉంచిన కనెక్షన్లను రిక్వెస్టులకు పంచే నిల్వలో) మామూలుగా ఉండేవి 10 కనెక్షన్లు. పది రిక్వెస్టులు తలా ఒకటి పట్టుకుని, పదీ రెండోదాని కోసం ఎదురుచూస్తే 30 సెకన్ల తరువాత అన్నీ టైమౌట్‌తో కూలతాయి.

5. రీట్రై చేసేటప్పుడు మొత్తం మళ్లీ నడపండి

40001, 40పి01 వచ్చినప్పుడు ఆగిన స్టేట్‌మెంట్ ఒక్కదాన్నే మళ్లీ పంపితే పని కాదు. రోల్‌బ్యాక్ చేసి, బిగిన్ నుంచి మొదలుపెట్టి, స్టాక్‌ను కూడా మళ్లీ చదవాలి. మొదటిసారి చదివిన సంఖ్య ఇప్పుడు పాతబడి ఉండవచ్చు.

కొలతలు ఇలా పెట్టుకోండి. మొత్తం 4 ప్రయత్నాలు. మొదటి విరామం 50 మిల్లీసెకన్లు, తరువాత 100, ఆపైన 200. ప్రతి విరామానికీ సగం దాకా యాదృచ్ఛికంగా కలపండి. లేకపోతే ఢీకొన్న రెండు ట్రాన్సాక్షన్లూ ఒకే సమయం ఆగి, ఒకే క్షణంలో వచ్చి మళ్లీ ఢీకొంటాయి. నాలుగోసారీ తప్పితే వాడుకరికి ‘మళ్లీ ప్రయత్నించండి’ అని నిజం చెప్పండి. హద్దు లేని రీట్రై, రద్దీ వేళ ఉన్న భారాన్ని ఇంకా పెంచుతుంది.

రీట్రై లూప్ ట్రాన్సాక్షన్ మొదలైన చోట మాత్రమే ఉండాలి. మీ ఫంక్షన్ పాత కోడ్ తెరిచిన ట్రాన్సాక్షన్ లోపల నడుస్తుంటే, మీరు రీట్రై చేయలేరు. పాత కోడ్ చేయాలి. ఈ ఒక్క మార్పు కోసం పాత కోడ్‌ను ముట్టుకోక తప్పదు, ముట్టుకోండి.

మళ్లీ నడిచే బ్లాక్‌లో ఎస్ఎంఎస్ పంపడం, ఈమెయిల్ పంపడం, పేమెంట్ గేట్‌వేను పిలవడం ఉండకూడదు. నాలుగు ప్రయత్నాలంటే నాలుగు ఎస్ఎంఎస్‌లు. వాటి బదులు ‘పంపవలసినవి’ అని ఒక టేబుల్ పెట్టి, అదే ట్రాన్సాక్షన్‌లో ఒక వరుస రాయండి. కమిట్ అయితే ఆ వరుసా ఉంటుంది, రోల్‌బ్యాక్ అయితే అదీ పోతుంది. విడిగా నడిచే చిన్న ప్రోగ్రామ్ ‘ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్’తో (వేరొకరు లాక్ చేసిన వరుసలను వదిలేసి) వరుసలు తీసుకుని పంపుతుంది. పంపాక గుర్తు పెట్టేలోపు అది కూలితే ఒకే సందేశం రెండుసార్లు వెళ్లే వీలుంది, కాబట్టి పేమెంట్ లాంటి వాటికి ప్రతి వరుసతోనూ ఒక ప్రత్యేక కీ పంపడం తప్పనిసరి.

6. లాక్‌ల వరుస, స్టాక్, బిల్లు నంబరు

డెడ్‌లాక్‌కు రీట్రై ప్రథమ చికిత్స మాత్రమే. కౌంటర్ బిల్లు ముందు పారాసిటమాల్ బ్యాచ్‌ను తగ్గించి తరువాత సెట్రిజిన్ బ్యాచ్‌కు వస్తుంది. ఆన్‌లైన్ ఆర్డర్ ముందు సెట్రిజిన్, తరువాత పారాసిటమాల్. ఇద్దరి చేతిలో చెరో లాక్, ఇద్దరికీ ఎదుటివారిది కావాలి. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 1 సెకను ఎదురుచూశాక వలయం ఉందేమో వెతికి, ఒకదాన్ని 40పి01తో పడగొడుతుంది.

విరుగుడు: బిల్లులోని వస్తువులను అప్‌డేట్ చేసే ముందు బ్యాచ్ ఐడీ ప్రకారం చిన్న నుంచి పెద్దకు పేర్చండి. రెండు అప్లికేషన్లూ అదే వరుస పాటించాలి. మొదటి దశలో మీరు కాగితం మీద రాసుకున్న టేబుళ్ల వరుస ఇక్కడ పనికొస్తుంది: పాత కోడ్ ముందు స్టాక్, తరువాత బిల్లు ముట్టుకుంటుంటే మీరూ అలాగే వెళ్లండి. పాత కోడ్‌ను మార్చడం కంటే దాని వరుసను మీరు అందుకోవడం తేలిక.

ఎర్రరే రాని తప్పు అన్నిటికంటే చెడ్డది. స్టాక్ 20 అని చదివి, ప్రోగ్రామ్‌లో 5 తీసేసి, ‘స్టాక్ = 15’ అని రాసే పద్ధతి చాలా పాత కోడ్‌లలో ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ మామూలు ఐసొలేషన్ (ఒక ట్రాన్సాక్షన్ మార్పులు ఇంకొకదానికి ఎంత కనిపించాలన్న స్థాయి) రీడ్ కమిటెడ్. అందులో ఇద్దరు ఒకేసారి చదివితే ఒకరి తగ్గింపు నిశ్శబ్దంగా పోతుంది. తీసివేతను డేటాబేస్‌కే వదలండి: ‘స్టాక్‌ను స్టాక్ మైనస్ 5 చేయి, స్టాక్ 5 లేదా అంతకంటే ఎక్కువ ఉంటేనే’ అనే ఒకే అప్‌డేట్. తరువాత ఎన్ని వరుసలు మారాయో తప్పక చూడండి. సున్నా వచ్చినా డేటాబేస్ దృష్టిలో అది ఎర్రర్ కాదు. మీరే దాన్ని ‘సరుకు చాలదు’ అన్న ఎర్రర్‌గా మార్చి రోల్‌బ్యాక్ చేయాలి.

బిల్లు నంబరు సంగతి మన దేశంలో విడిగా చెప్పుకోవాలి. జీఎస్టీ నిబంధన 46 ప్రకారం ఇన్వాయిస్ నంబరు వరస సంఖ్యగా ఉండాలి, ఆర్థిక సంవత్సరంలో ఒకటి రెండోసారి రాకూడదు, 16 అక్షరాలకు మించకూడదు. పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్‌తో (అడిగినప్పుడల్లా తరువాతి సంఖ్య ఇచ్చే ఏర్పాటు) ఆ నంబర్లు ఇస్తే, రోల్‌బ్యాక్ అయిన ప్రతిసారీ మధ్యలో ఒక నంబరు పోతుంది, ఎందుకంటే సీక్వెన్స్ వెనక్కి తిరగదు. రీట్రైలు పెట్టాక ఈ ఖాళీలు ఇంకా పెరుగుతాయి.

అందుకని ఆర్థిక సంవత్సరానికి ఒక వరుస ఉండే కౌంటర్ టేబుల్ పెట్టండి. ‘చివరి నంబరుకు ఒకటి కలిపి, కలిపినదాన్ని రిటర్నింగ్‌తో ఇవ్వు’ అనే అప్‌డేట్ చేయండి. ట్రాన్సాక్షన్ రద్దయితే కౌంటర్ కూడా పాత విలువకే వస్తుంది. దీని ఖరీదు ఏమిటంటే, కమిట్ అయ్యేదాకా ఆ వరుసపై లాక్ ఉంటుంది, మిగతా బిల్లులన్నీ దాని కోసం ఆగుతాయి. కాబట్టి ఈ అప్‌డేట్ ట్రాన్సాక్షన్‌లో ఆఖరి పనిగా, కమిట్‌కు సరిగ్గా ముందు ఉండాలి. టేబుళ్ల మధ్య సంబంధాలకు సీక్వెన్స్ ఇచ్చే లోపలి ఐడీ వాడండి. ముద్రించే నంబరు చివర్లో నింపండి. రెండు అప్లికేషన్లూ ఇదే కౌంటర్ వాడాలి, లేదంటే ఆన్‌లైన్ బిల్లులకు వేరే ముందక్షరంతో వేరే వరస నడపాలి. రెండోదే నిర్వహణకు సులువు.

7. ఎదురుచూపుకు హద్దు పెట్టండి

పోస్ట్‌గ్రెస్‌లో లాక్ కోసం ఎదురుచూపుకు మామూలుగా హద్దే లేదు. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో 50 సెకన్లు. కౌంటర్ ముందు నిలబడ్డ మనిషికి రెండూ ఒకటే.

కొత్త సర్వీసు యూజర్‌కు మాత్రమే ‘ఆల్టర్ రోల్ ... సెట్’ ద్వారా ఇవి పెట్టండి: ‘లాక్ టైమౌట్’ 3 సెకన్లు, ‘స్టేట్‌మెంట్ టైమౌట్’ 15 సెకన్లు, ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్’ 30 సెకన్లు. లాక్ టైమౌట్ చిన్నదిగా ఉండాలి. స్టేట్‌మెంట్ టైమౌట్ దానికి సమానమైతే అదే ముందు మోగుతుంది, లాక్ టైమౌట్ పెట్టినా ఫలితం ఉండదు. సర్వర్ మొత్తానికి పెడితే, రాత్రి గంటసేపు నడిచే పాత రిపోర్టులు మధ్యలో తెగుతాయి.

బిల్లింగ్ ఆగిపోయిందని ఫోన్ వస్తే ముందు ‘పీజీ స్టాట్ యాక్టివిటీ’ (ఇప్పుడున్న కనెక్షన్ల జాబితా) చూడండి. ‘పీజీ బ్లాకింగ్ పిడ్స్’ ఫంక్షన్ ప్రతి ఆగిన ప్రాసెస్‌నూ అడ్డుకుంటున్నది ఎవరో చెబుతుంది. తరచుగా దోషి స్థితి ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని ఉంటుంది: ఏదో రాసి, కమిట్ చేయకుండా బయటి సర్వర్ జవాబు కోసం కూర్చున్న కనెక్షన్. దానిపై ‘పీజీ క్యాన్సిల్ బ్యాకెండ్’ పనిచేయదు, రద్దు చేయడానికి అక్కడ నడుస్తున్న క్వెరీ లేదు. ‘పీజీ టెర్మినేట్ బ్యాకెండ్’ కావాలి.

కొత్త కాలమ్ చేర్చే ‘ఆల్టర్ టేబుల్’ను కూడా లాక్ టైమౌట్ పెట్టుకునే నడపండి. అది ఒక పాత సెలెక్ట్ వెనుక ఆగితే, దాని వెనుక మిగతా అందరూ ఆగుతారు.

8. కమిట్ పంపాక కనెక్షన్ తెగితే

కమిట్ పంపారు, జవాబు వచ్చేలోపు నెట్‌వర్క్ పోయింది. అది కమిట్ అయి ఉండవచ్చు, కాకపోయి ఉండవచ్చు. కాలేదనుకుని మళ్లీ నడిపితే రెండు ఆర్డర్లు పడే ప్రమాదం. అయిందనుకుని వదిలేస్తే ఆర్డరే లేకపోయే ప్రమాదం.

దీనికి ముందే ఏర్పాటు ఉండాలి. ఆర్డర్ బటన్ నొక్కే ముందే, వాడుకరి వైపున ఒక ప్రత్యేక కీ తయారుచేసి పంపండి. ఆర్డర్ టేబుల్‌లో ఆ కీకి యూనిక్ నిబంధన పెట్టండి. కనెక్షన్ తెగితే కొత్త కనెక్షన్ తెరిచి ఆ కీతో వెతకండి. ఉంటే పాత ఫలితాన్నే తిప్పి ఇవ్వండి. లేకపోతే అదే కీతో మళ్లీ నడపండి. పాత సెషన్ సర్వర్ వైపు ఇంకా ముగియకపోయి ఉంటే, మీ ఇన్సర్ట్ దాని కోసం ఆగి, అది కమిట్ అయితే 23505తో తిరిగి వస్తుంది. ఆ 23505ను ‘పని ముందే అయింది’ అని చదవాలి. ఎర్రర్‌లో వచ్చే నిబంధన పేరు కూడా చూడండి, వేరే యూనిక్ నిబంధన వల్ల వచ్చిన 23505ను విజయంగా లెక్కేయకూడదు.

9. పూల్‌కు కనెక్షన్ శుభ్రంగా వెళ్లాలి

ఎర్రర్ వచ్చిన కనెక్షన్‌ను రోల్‌బ్యాక్ చేయకుండా పూల్‌కు ఇస్తే, తరువాత తీసుకున్న ఏ పాపమూ తెలియని రిక్వెస్ట్ మొదటి క్వెరీకే 25పి02తో కూలుతుంది. చాలా పూల్‌లు ఇచ్చేటప్పుడు తామే రోల్‌బ్యాక్ చేస్తాయి; చేతితో రాసుకున్న పాత పూల్‌లు చేయవు. రోల్‌బ్యాక్‌ను ‘ఫైనల్లీ’ భాగంలో పెట్టండి. రోల్‌బ్యాకే తప్పితే ఆ కనెక్షన్‌ను పూల్‌కు ఇవ్వకుండా మూసేయండి.

మధ్యలో పీజీబౌన్సర్ (అప్లికేషన్లకు పోస్ట్‌గ్రెస్ కనెక్షన్లు పంచే ప్రోగ్రామ్) ట్రాన్సాక్షన్ మోడ్‌లో, అంటే ఒక ట్రాన్సాక్షన్ దాకానే కనెక్షన్ ఇచ్చే పద్ధతిలో ఉంటే, మామూలు ‘సెట్’తో పెట్టిన టైమౌట్ వేరొకరి ట్రాన్సాక్షన్‌కు అంటుకోవచ్చు. ‘సెట్ లోకల్’ వాడండి, అది కమిట్‌తోనే పోతుంది. సెషన్ స్థాయి అడ్వైజరీ లాక్‌లు (టేబుల్‌తో సంబంధం లేకుండా ప్రోగ్రామే అడిగి తీసుకునేవి) కూడా అక్కడ నమ్మదగినవి కావు.

10. ప్రతి ఎర్రర్‌నూ చేత్తో పుట్టించి చూడండి

పరీక్ష కాపీపై రెండు పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్) విండోలు తెరవండి. మొదటిదాంట్లో బిగిన్ కొట్టి 1వ బ్యాచ్‌ను అప్‌డేట్ చేయండి. రెండోదాంట్లో బిగిన్, 2వ బ్యాచ్. మళ్లీ మొదటిదానికి వచ్చి 2వ బ్యాచ్ అప్‌డేట్ చేయండి, అది ఆగుతుంది. రెండోదాంట్లో 1వ బ్యాచ్ అప్‌డేట్ చేస్తే ఒక సెకనులో 40పి01 వస్తుంది, సాధారణంగా ఆ రెండో విండోకే. ఇప్పుడు రెండో విండో స్థానంలో మీ సర్వీసును పెట్టి, రీట్రై జరిగిందా, ఆర్డర్ ఒకటే పడిందా, ఎస్ఎంఎస్ వరుస ఒకటే ఉందా చూడండి.

లాక్ టైమౌట్‌కు: మొదటి విండోలో వరుస లాక్ చేసి వదిలేయండి, మీ సర్వీసు 3 సెకన్లలో 55పి03తో బయటపడాలి. కనెక్షన్ తెగడానికి: ట్రాన్సాక్షన్ మధ్యలో దాన్ని టెర్మినేట్ చేయండి. కమిట్ తరువాత తెగడాన్ని పుట్టించాలంటే, పరీక్షలో డ్రైవర్ కమిట్‌ను చుట్టి, అసలు కమిట్ నిజంగా అయిపోయాక కనెక్షన్ ఎర్రర్ విసిరే చిన్న ఫంక్షన్ రాయండి. ఎనిమిదో దశలోని కీ సరిగ్గా పనిచేస్తే టేబుల్‌లో ఒకే ఆర్డర్ ఉంటుంది.

అసలు సర్వర్‌పై పెట్టిన మొదటి వారం రోజూ ఉదయం, సాయంత్రం ‘పీజీ స్టాట్ డేటాబేస్’లోని రోల్‌బ్యాక్‌ల సంఖ్య, డెడ్‌లాక్‌ల సంఖ్య రాసుకోండి. కలపకముందు వారం సంఖ్యలు కూడా చేతిలో ఉండాలి, లేకపోతే పెరిగిందో లేదో చెప్పలేరు. ‘లాగ్ లాక్ వెయిట్స్’ ఆన్ చేసి ఉంచండి: ఒక సెకనుకు మించి ఆగిన ప్రతి లాక్, ఎవరి కోసం ఎవరు ఆగారో సహా లాగ్‌లో పడుతుంది.